జోర్డాన్ నడక: ఖర్చు మీది, జోలె హాస్పిస్‌ది

ప్రశ్న: మేడమ్, నా వయసు 48. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మా అత్తగారు నాలుగేళ్లు మా దగ్గరే ఉండి, కిందటేడు ఇక్కడి ఒక హాస్పిస్‌లో (నయంకాని జబ్బుతో ఉన్నవాళ్లను చివరి రోజుల్లో చూసుకునే చోటు) పోయారు. చివరి మూడు వారాలు అక్కడి నర్సులు ఆవిడను చూసుకున్న తీరు మరిచిపోలేను. "నొప్పి", "మంచినీళ్లు" అనే మాటలు తెలుగులో నేర్చుకుని మరీ అడిగేవారు. ఆ హాస్పిస్ వాళ్లు వచ్చే అక్టోబరులో జోర్డాన్‌లో ఛారిటీ ట్రెక్ పెడుతున్నారు. దానా అనే ఊరి నుంచి, కొండరాయిలో చెక్కిన పాత నగరం పెట్రా దాకా కొండలు, ఎడారి మీదుగా ఐదు రోజుల నడక. పాతికమంది వెళ్తారట. 300 పౌండ్లు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. ఆపైన రెండు దారులు. 3,400 పౌండ్ల విరాళాలు సేకరిస్తే ట్రిప్ ఖర్చు అందులోంచే పోతుంది. లేదంటే ట్రిప్ ఖర్చు 1,700 నేనే కట్టుకుని, వీలైనంత సేకరించి ఇవ్వొచ్చు. నాకు వెళ్లాలని ఉంది. కానీ ఇంట్లో ఈ మాట అనగానే మా మరిది అందరి ముందూ "అయితే మా డబ్బుతో పెట్రా చూసొస్తావన్నమాట వదినా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నాకు మాత్రం గుచ్చుకుంది. మావారు వద్దనడం లేదు గానీ ఆ ప్రాంతం వార్తలు చూసి భయపడుతున్నారు. ఎవర్నీ డబ్బు అడిగే అలవాటు నాకు లేదు. బీపీకి మాత్ర వేసుకుంటాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. శాకాహారిని. అందరికంటే వెనకబడి గుంపుకు భారం అవుతానేమోనని టెన్షన్. వెళ్లమంటారా?
– పేరు వద్దు, లెస్టర్

జవాబు: వెళ్లండి. కానీ మీ మరిది మీద కోపం పెట్టుకుని వెళ్లకండి. అతనన్న మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం.

లెక్క వేయండి. మొదటి దారిలో మీరు 3,400 పౌండ్లు పోగుచేస్తారు. అందులో 1,700 విమానం, గుడారాలు, గైడ్లు, భోజనాల కింద ట్రెక్ నడిపే కంపెనీకి పోతుంది. హాస్పిస్‌కి మిగిలేది 1,700. అంటే మీ ఆఫీసులో ఒకామె ఇరవై పౌండ్లు ఇస్తే అందులో పది మీ టికెట్టుకూ టెంటుకూ. ఇది మోసమని నేననను. ఈ దేశంలో ఛారిటీ ట్రెక్కులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. విరాళంలో కొంత ప్రయాణం ఖర్చుకు పోతుంటే ఆ సంగతి ఇచ్చేవాళ్లకు తెలియాలని ఇక్కడి నిధుల సేకరణ నియమావళి చెబుతుంది కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఆ ముక్క ఛారిటీ వాళ్ల కాగితంలో ఎక్కడో అడుగున ఉంటుంది. మనం వాట్సాప్‌లో పంపే మెసేజ్‌లో ఉండదు.

నాకెలా తెలుసంటారా? తొమ్మిదేళ్ల కిందట నేనూ ఇదే దారిలో నడిచాను, పిల్లల కోసం పనిచేసే ఒక ఛారిటీ తరఫున. అప్పుడు చేతిలో డబ్బు ఆడక సేకరించే దారే ఎంచుకున్నాను. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, యాభై పౌండ్లు కవర్లో పెట్టి తెచ్చి, "ఇందులో పిల్లలకు చేరేది ఎంత?" అని అడిగారు. నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ వేసి "మొత్తం" అనేశాను. ఆ రాత్రి కాగితాలు తీసి చూస్తే సగం కూడా కాదు. ఆయన ఇంటి తలుపు తట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నేను చెప్పిందంతా విని ఆయన ఏమీ అనలేదు. టీ పెట్టి ఇచ్చారు. పెట్రా మెట్లకంటే ఆ టీ తాగడం కష్టమైంది.

అందుకని, 1,700 మీరే కట్టుకోండి. ఒక్కసారిగా ఇబ్బంది అయితే అక్టోబరుకి ఇంకా ఎనిమిది నెలలుంది, నెలకు రెండొందల పైచిలుకు పడుతుంది. వాయిదాల్లో తీసుకుంటారేమో అడగండి, చాలామంది తీసుకుంటారు. అదీ కుదరదంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. పెట్రా రెండువేల ఏళ్లుగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

"ఆ 1,700 నేరుగా హాస్పిస్‌కే ఇచ్చేయొచ్చుగా" అని కూడా ఎవరో ఒకరు అంటారు. అదీ నిజమే. హాస్పిస్‌కి డబ్బు చేరడం ఒక్కటే మీ ఉద్దేశమైతే ఇచ్చేసి ఇంట్లో కూర్చోండి, మోకాలు కూడా సంతోషిస్తుంది. కానీ మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "నాకు వెళ్లాలని ఉంది" అని చిన్న వాక్యం రాసి, వెంటనే "కానీ" అన్నారు. నాలుగేళ్లు ఒక పెద్దావిడకు వేళకు మాత్రలు, వేళకు అన్నం చూసిన మనిషికి, ఐదు రోజులు తన కాళ్లు తప్ప ఇంకేమీ చూసుకోనక్కర్లేని చోటికి పోవాలని ఉండదా? ఉంటుంది. దాన్ని అత్తగారి పేరు చాటునా హాస్పిస్ చాటునా దాచుకోబోయారు కాబట్టే మీ మరిది మాట గుచ్చుకుంది. నడవాలన్న కోరిక మీది, కాబట్టి ఖర్చు మీది. హాస్పిస్ ఊరందరిదీ, కాబట్టి జోలె దాని కోసం. ఈ రెంటినీ విడదీసి పెట్టుకుంటే మీ మరిది ముందే కాదు, ఎవరి ముందైనా అడగొచ్చు.

అడగడం మనకు కొత్తేం కాదు. వెంకన్న మొక్కు ఉన్నవాళ్లు శనివారం పొద్దున్నే చెంబు పట్టుకుని గోవిందా అంటూ నాలుగిళ్లు తిరిగేవాళ్లు. ఉన్నవాళ్లు కూడా తిరిగేవాళ్లు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటివాళ్లే జోలె పట్టారు. మా అమ్మ అప్పుడు ముక్కుపుడక తీసి ఇచ్చానని చచ్చేదాకా చెప్పుకుంది (మా నాన్న మాత్రం అది అంతకుముందే పోయిందనేవాడు). బియ్యం పోసిన ఇల్లాలికి ఆ బియ్యం ఎక్కడికి పోతాయో తెలుసు. ముక్కుపుడక ఇచ్చిన మా అమ్మకూ తెలుసు. మీరు అడిగేటప్పుడు కూడా ఎదుటివాళ్లకు అంతే తెలియాలి.

కాబట్టి మెసేజ్‌లో మొదటి రెండు వాక్యాలు ఇవి పెట్టండి: "నా ప్రయాణం ఖర్చు నేనే కట్టుకున్నాను. మీరు ఇచ్చేది హాస్పిస్‌కి పోతుంది." కార్డు ఫీజు కింద కొన్ని పెన్నీలు తగ్గుతాయి, అది వేరే సంగతి. విరాళాల పేజీలో చివర్న "మాకు టిప్ ఇవ్వండి" అని ఒక గీత ముందే జరిపి ఉంటుంది. అక్కర్లేనివాళ్లు దాన్ని సున్నాకు జరపొచ్చని కూడా రాయండి, చాలామంది చూసుకోరు. ఆ తర్వాత మీ అత్తగారి గురించి, ఆ నర్సులు నేర్చుకున్న రెండు తెలుగు మాటల గురించి రాయండి. నాకు రాసింది రాసినట్టు పంపినా చాలు. నాకే పర్సు తీయాలనిపించింది. పెట్రా ఫొటో మాత్రం పెట్టకండి. ఆ ఫొటో చూస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది విహారయాత్రే.

రెండొందలమంది ఉన్న తెలుగు సంఘం గ్రూపులో ఒకేసారి పడేయకండి. అక్కడ అందరూ చేతులు జోడించే బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఒక్కొక్కరికీ విడిగా, పేరు పెట్టి, రోజుకు ఐదుగురి చొప్పున పంపండి. బాగా ఇచ్చే నలుగురు మనుషుల్ని ముందు అడగండి, ఎందుకంటే పేజీలో పైన యాభై కనిపిస్తే తర్వాతివాళ్లు యాభై ఇస్తారు, ఐదు కనిపిస్తే ఐదు ఇస్తారు. మీ కంపెనీలో ఉద్యోగి సేకరించినదానికి సమానంగా కంపెనీ కలిపే పద్ధతి ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఆఫీసులో ఒక శుక్రవారం పులిహోర, గారెలు పెట్టి డబ్బా పక్కన ఉంచండి. జీడిపప్పు, నువ్వులు, ఆవాలు ఏవి పడ్డాయో చీటీ రాసి పెట్టడం మర్చిపోకండి, ఇక్కడ ఎలర్జీలు ఎక్కువ. మాకు ఒక్క మధ్యాహ్నం గారెలతో వచ్చినంత, నెలరోజుల మెసేజ్‌లతో రాలేదు.

గిఫ్ట్ ఎయిడ్ సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ పన్ను కట్టేవాళ్లు ఆ గడిలో టిక్ పెడితే ప్రతి పౌండుకు ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి ఛారిటీకి చేరతాయి. అయితే మీ ప్రయాణం ఖర్చు ఛారిటీ భరిస్తున్నప్పుడు మీరు, మీవారు, పిల్లలు, తోబుట్టువులు, తల్లిదండ్రులు ఇచ్చే డబ్బు దగ్గర చిక్కు వస్తుంది. మీరు పొందుతున్న ట్రిప్ విలువ అడ్డొచ్చి, దానికి గిఫ్ట్ ఎయిడ్ మామూలుగా వర్తించదు. ఖర్చు మీరే కట్టుకుంటే ఆ చిక్కు ఉండదు. మీ మరిదిగారు కూడా నిశ్చింతగా టిక్ పెట్టొచ్చు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో చుట్టాలు పంపే డబ్బుకు మాత్రం ఇది రాదు, వాళ్లు ఇక్కడ పన్ను కట్టరు కదా.

ఆ 300 కట్టేముందు హాస్పిస్ వాళ్లకు ఒక ఈమెయిల్ పెట్టండి. ట్రెక్ రద్దయితే నేను కట్టిన 1,700 వెనక్కి వస్తుందా? విమానంతో కలిపి అమ్ముతున్నారు కాబట్టి అటోల్ సర్టిఫికెట్ (కంపెనీ మూతపడితే మన డబ్బుకు రక్షణ) ఎవరిస్తారు? చివరి నిమిషంలో నాకు ఒంట్లో బాగాలేకపోతే? అప్పటికే వచ్చిన విరాళాలు ఏమవుతాయి? (మామూలుగా హాస్పిస్‌కే ఉండిపోతాయి. ఇచ్చినవాళ్లకు ముందే చెప్పడం మంచిది.) మీది ఏ పాస్‌పోర్టో రాయలేదు. ఇండియన్ పాస్‌పోర్టు అయితే, గుంపు మొత్తానికి చెప్పిన వీసా మాట మీకు వర్తిస్తుందో లేదో విడిగా అడగండి. మా గుంపులో పాతికమందిలో నాకొక్కదానికే ఆ తలనొప్పి వచ్చింది.

మీవారి భయం తీసిపారేసేది కాదు. జోర్డాన్ చుట్టూ ఉన్న దేశాల పేర్లు చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చూడకండి. బ్రిటన్ విదేశాంగ శాఖ ఆ దేశానికి వెళ్లే విషయంలో ఏమంటోందో చూడండి. వాళ్లు వద్దన్న చోటికి వెళ్తే మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చెల్లదు, అందుకని ట్రెక్ కంపెనీ కూడా తీసుకెళ్లదు. ఆ పేజీని మీవారినే వారానికోసారి చూడమనండి. కూర్చుని భయపడే బదులు ఆయనకో పని ఉంటుంది.

నన్నడిగితే నేను ఎక్కువ భయపడేది వానకు. ఎడారిలో వానేమిటి అనుకోకండి. అక్కడి వాగుల్ని వాదీలంటారు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి రాళ్లతో ఉంటాయి. ఎక్కడో కొండ మీద గంటసేపు వాన పడితే, మనమున్న చోట ఎండ కాస్తుండగానే నీళ్లు గోడలా వస్తాయి. 1963లో పెట్రాలోకి పోయే సన్నటి కొండసందులో, సిక్ అంటారు దాన్ని, ఇలాగే వరద వచ్చి ఇరవైమందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. 2018 అక్టోబరులో మృత సముద్రం దగ్గర వరదలో ఇరవైమంది దాకా పోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. ఆ తర్వాత రెండు వారాలకే పెట్రా నుంచి వేలమందిని బయటికి తరలించారు. మీరు వెళ్లేదీ అక్టోబరులోనే. నడకకు అది మంచి నెలే, ఎండ తగ్గుతుంది. కాకపోతే గైడు పొద్దున్నే మబ్బు చూసి "ఈరోజు ఈ వాదీ వద్దు, చుట్టూ తిరిగి పోదాం" అంటే, గుంపులో ఎవరో ఒకరు డబ్బు కట్టాం కదా అని గొణుగుతారు. ఆ గొణిగేవాళ్ల పక్కన నిలబడకండి.

ఇక మీ మోకాలు. ట్రెక్ అనగానే మనవాళ్లు ఎక్కుడు గురించి అడుగుతారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరడం మనకు కొలత. ఎక్కడం మొక్కు, దిగడానికి బస్సు. జోర్డాన్‌లో మొదటి రోజే ఇది తిరగబడుతుంది. దానా ఊరు కొండ అంచున గూడులా ఉంటుంది, రాతి ఇళ్లు, కింద లోయ. పొద్దున్నే అక్కణ్నుంచి దిగడం మొదలుపెడితే దాదాపు 15 కిలోమీటర్లు, ఎత్తులో 900 మీటర్ల దాకా దిగుతారు. పైన చల్లగాలి, జునిపెర్ చెట్లు. దిగేకొద్దీ రాయి రంగు మారుతుంది, తెల్లటి సున్నపురాయి పోయి ఎర్ర ఇసుకరాయి వస్తుంది. కిందికి చేరేసరికి తుమ్మచెట్ల లాంటి ముళ్లచెట్లు, వేడి, మేకల మందలు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. మోకాలికి మాత్రం రోజంతా మెట్లు దిగినట్టే.

కాబట్టి ఈ నెలలోనే ఫిజియోథెరపిస్టును కలవండి. "మోకాలు నొప్పి" అని ఊరుకోకుండా "అక్టోబరులో ఒకేరోజు తొమ్మిది వందల మీటర్లు దిగాలి" అని చెప్పండి, అప్పుడు వ్యాయామాలు దానికి తగ్గట్టు ఇస్తారు. రెండు చేతికర్రలు కొనండి, ఒకటి కాదు రెండు, దిగేటప్పుడు వాటిని కాస్త పొడుగు చేసుకోవాలి. లెస్టర్‌లో ఉన్నారు కాబట్టి బ్రాడ్‌గేట్ పార్కు మీకు దగ్గరే. ఓల్డ్ జాన్ గుట్ట చిన్నదే అయినా నాలుగైదుసార్లు ఎక్కి దిగితే ఒళ్లు తెలుస్తుంది. నెలకోసారి పీక్ డిస్ట్రిక్ట్ వెళ్లి కిండర్ స్కౌట్ లాంటివి నడవండి. ఒక్క శనివారం ఎనిమిది గంటలు నడిచి వారమంతా పడుకోవడం కంటే, శనివారం నాలుగు గంటలు, ఆదివారం మళ్లీ నాలుగు గంటలు నడవడం మేలు. నొప్పి పెట్టే కాళ్లతో మర్నాడు పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కోవడమే ట్రెక్కులో అసలు పని, దాన్నే అలవాటు చేసుకోవాలి. వీపు సంచిలో బరువు కోసం నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కండి, పైన నీళ్లు పారబోసి తేలిగ్గా దిగండి. నేను తెలివి తక్కువగా ఐదు కిలోల సోనామసూరి సంచి మోసుకుని తిరిగేదాన్ని. బియ్యం పారబోయలేం కదా.

గుంపుకు భారం అవుతానన్నారు. నేను అయ్యాను, ఎలాగో చెప్తాను వినండి. మొదటిరోజు దిగుడులో సగం దూరం పోయాక ఎడమ మడమ దగ్గర సన్నగా మంట మొదలైంది. ఆగి బూటు విప్పి టేపు వేసుకుంటే ఐదు నిమిషాల పని. ఇరవైమందిని నా కాలి కోసం నిలబెట్టడమేమిటని మొహమాటపడి నడిచాను. సాయంత్రానికి రూపాయి బిళ్లంత బొబ్బ. రెండోరోజు అది చితికింది. మూడోరోజు, ఎడారి అంచు నుంచి మళ్లీ కొండలెక్కే రోజు, అందరూ నడుస్తుంటే నన్ను సామాన్ల జీపులో కూర్చోబెట్టారు. దుప్పట్లకూ ఉల్లిపాయల బస్తాకూ మధ్య కూర్చుని ఏడ్చాను. మంట అనిపించిన నిమిషమే "ఆగండి" అని అరవండి. ఎవరూ ఏమీ అనుకోరు, నిజానికి ఇంకో నలుగురు అదే సందని కూర్చుని తమ బూట్లు విప్పుతారు.

బూట్లు ఇప్పుడే కొనండి, మామూలు సైజుకంటే అరసైజు ఎక్కువ, సాయంత్రం పూట కాళ్లు ఉబ్బినప్పుడు వెళ్లి చూసుకోండి. దిగుడులో వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి కాబట్టి బయల్దేరే ముందు గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి. విమానంలో బూట్లు సామాన్లలో వేయకండి, కాళ్లకే వేసుకోండి. సామాను తప్పిపోతే మిగతావన్నీ అప్పు దొరుకుతాయి గానీ మీ కాలికి అలవాటైన బూట్లు దొరకవు.

నెమ్మదిగా నడిచేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. వెనక నడవకండి, గైడు వెనకాలే రెండో మనిషిగా నడవండి. వెనక ఉంటే మీరు విశ్రాంతి చోటికి చేరేసరికి ముందువాళ్లు నీళ్లు తాగి లేస్తుంటారు, మీకు కూర్చునే టైమే దక్కదు. ముందుంటే గైడు మీ నడకను బట్టి నడుస్తాడు. ఎలాగూ ఆఖర్న ఇంకో గైడు ఉంటాడు, ఎవర్నీ వదిలిపెట్టరు. మా గుంపులో అందరికంటే ముందు పరిగెత్తినట్టు నడిచిన ముప్ఫై ఏళ్ల కుర్రాడు నాలుగోరోజు వాంతులతో పడుకున్నాడు.

బీపీ మాత్ర విషయం మీ జీపీతో, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుతో, తప్పక మాట్లాడండి. అందులో నీరు తీసే మందు ఉందా, రోజంతా చెమట పట్టే చోట అదే మోతాదు వేసుకోవాలా అని అడగండి. మీరే తగ్గించేసుకోవడం మాత్రం వద్దు. సంచిలో రోజుకు మూడు లీటర్ల నీళ్లు మోయాల్సి ఉంటుంది. ఒట్టి నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు రోజుకు రెండు చొప్పున పట్టుకెళ్లండి. మన ఊళ్లో ఎండాకాలం ఉప్పేసిన మజ్జిగ తాగించేది ఇందుకే కదా. నీళ్ల విలువ ఆ నేల మీద నడిస్తే తెలుస్తుంది. పెట్రా కట్టిన నబతీయులు కొండరాయిలో కాలువలు తొలిచి, వానచుక్క పోకుండా తొట్లలోకి మళ్లించారు. సిక్ గోడల్లో ఆ కాలువలు ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు దాటే ఫెయ్‌నాన్ దగ్గర పాత రాగి గనుల చిట్టెం ఇప్పటికీ నల్లగా కుప్పలు పడి ఉంది. రోమన్ల కాలంలో శిక్ష పడ్డవాళ్లను అక్కడికి పంపేవారట. మనం డబ్బు కట్టి మరీ వెళ్తున్నాం.

తిండికి బెంగ వద్దు. శాకాహారి అని ఫారంలో రాయండి, గుడ్డు తింటారో లేదో కూడా రాయండి. హమ్మస్, పప్పు సూపు, ఫలాఫెల్, పల్చటి రొట్టెలు, పెరుగు ఎలాగూ ఉంటాయి. వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి టమాటాలు మగ్గించి గలాయెత్ బందోరా అని పెడతారు, మన టమాటా పచ్చడికి దూరపు చుట్టం. ఒక చిన్న సీసాలో కందిపొడి పట్టుకెళ్లండి. మూడోరోజుకు ఇంగ్లీషువాళ్లు కూడా అడుగుతారు. గుంటలో కాల్చే మాంసం విందు ఒకరోజు ఉంటుంది, ఆ రోజు కూరగాయలు విడిగా కాల్చమని పొద్దున్నే చెప్పాలి. టీలో పంచదార ఎంత వేస్తారంటే, చెప్పినా నమ్మరు.

మీరు అడగలేదు గానీ ఆడవాళ్లందరూ అడగాలనుకుని ఊరుకునేది ఒకటుంది. దారిలో బాత్రూములు ఉండవు. క్యాంపులో చిన్న గుడారం కట్టి గుంట తవ్వుతారు, నడిచేటప్పుడు పెద్ద బండరాయి చాటు. వాడిన కాగితం జిప్ కవర్లో వేసి వెనక్కి తేవాలి. ఇదంతా తలచుకుని నీళ్లు తాగడం తగ్గించే ఆడవాళ్లను చూశాను, అది అన్నిటికంటే చేటు. 48 అన్నారు కాబట్టి నెలసరి చెప్పి రాదు, సరిపడా సామాను పెట్టుకోండి. పొడుగు చొక్కా ఒకటి ఉంటే చాటు దొరకనిచోట పనికొస్తుంది, ఎండకూ మంచిదే, దారిలో ఊళ్లవాళ్ల ఎదుట మర్యాదగానూ ఉంటుంది. రాత్రిళ్లు పగటి వేడి చూసి మోసపోకండి, చలి బాగా ఉంటుంది. ఉన్ని టోపీ, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు తీసుకోండి. గురకలు.

ఈ గుంపుల్లో ఎక్కువమంది ఎవరో ఒకర్ని పోగొట్టుకుని వచ్చినవాళ్లే ఉంటారు. రెండోరోజు రాత్రి నుంచి మాటలు మొదలవుతాయి. మీకు చెప్పాలనిపిస్తే మీ అత్తగారి గురించి చెప్పండి, లేకపోతే టీ తాగుతూ వినండి. నా పక్కన నడిచిన ఆవిడ ఐదు రోజులూ చనిపోయిన తన భర్త గురించి ఒక్క మంచిమాట చెప్పలేదు. ఆయన మీద ఫిర్యాదులే. కానీ ఆయన చేతికర్రే పట్టుకుని నడిచింది.

చివరిరోజు మిమ్మల్ని పెట్రాలోకి పెరటిదారిన తీసుకెళ్తారు. అందరూ ఎదుటి వాకిలి నుంచి, సిక్ గుండా వస్తారు. మీరు లిటిల్ పెట్రా వైపు నుంచి కొండ అంచు పట్టుకుని వచ్చి, ఒక మలుపు తిరగగానే నేరుగా మొనాస్టరీ ముందుకు చేరతారు. కొండనే చెక్కి తీర్చిన, దాదాపు 45 మీటర్ల ఎత్తున్న ముఖభాగం. అక్కడ చాలాసేపు కూర్చోనివ్వమని గైడుకు ముందే చెప్పండి. ఎందుకంటే అక్కణ్నుంచి కిందికి ఎనిమిది వందల మెట్ల పైచిలుకు దిగాలి. ఎదురుగా రొప్పుతూ ఎక్కేవాళ్లు మిమ్మల్ని చూసి అసూయపడతారు. మీ మోకాలి సంగతి వాళ్లకేం తెలుసు. అక్కడ తొందరపడకండి, గాడిదలు వచ్చినప్పుడు లోయ వైపు కాకుండా గోడ వైపు నిలబడండి.

మీ మరిదికి కూడా అందరితోపాటే ఆ మెసేజ్ పంపండి, ప్రత్యేకంగా ఏమీ కలపకండి. పోయినావిడ అతనికీ తల్లే కదా. ఇస్తే థాంక్స్ చెప్పండి. ఇవ్వకపోతే ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు పచ్చడి మామూలుగానే పెట్టండి.

ఫిజియో ఏమన్నారో నాకు రాయండి. బూట్లు మాత్రం ఈ శనివారమే.